లివర్ సిరోసిస్ అని తేలగానే మార్పిడి చేయించేస్తే మంచిదేనా? స్కోర్ చూసి డాక్టర్లు ఎందుకు ఆగమంటారు?

తొందరపడి చేయించక్కర్లేదు, ఆపరేషన్‌లో ఉన్న ముప్పు కంటే ఆగడంలో ముప్పు ఎక్కువైనప్పుడే మార్పిడి వల్ల లాభం. ఆ లెక్కకు ఎక్కువగా వాడేది మెల్డ్ స్కోర్. రక్త పరీక్షలో వచ్చే బిలిరుబిన్ (కామెర్ల తీవ్రత చెప్పేది), ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చెప్పేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) విలువల నుంచి 6కీ 40కీ మధ్య ఒక అంకె వస్తుంది (ఇప్పుడు సోడియం కూడా కలుపుతున్నారు). మార్పిడి లేకపోతే వచ్చే మూడు నెలల్లో ప్రాణాపాయం ఎంతో అది అంచనా వేస్తుంది. మామూలుగా 15 దాటితేనే మార్పిడి వైపు మొగ్గుతారు. ఎందుకంటే కొత్త లివర్‌తో పాటు సర్జరీ రిస్కు, ఇన్ఫెక్షన్లు, జీవితాంతం మందులూ వస్తాయి మరి.

హైదరాబాద్‌లో ఒకాయన రిపోర్టులో బిలిరుబిన్ 2, ఐఎన్ఆర్ 1.3, క్రియాటినిన్ 1 ఉన్నాయనుకుందాం. సోడియం పక్కన పెడితే స్కోర్ 12, ఆగొచ్చు. అవే 8, 2.2, 1.8 అయితే స్కోర్ 29కి ఎగబాకుతుంది. ఇక ఆలస్యం చేయకూడదు.

చాలామంది పొరబడేది ఇక్కడే: స్కోర్ తక్కువంటే భయం లేదనుకుంటారు. లివర్ క్యాన్సర్ ఉన్నవారికి స్కోర్ తక్కువే ఉన్నా మార్పిడి త్వరగా అవసరపడొచ్చు, అందుకే వాళ్లను విడిగా చూస్తారు. ఇంకోటి, జీవన్‌దాన్‌లో (అవయవదానం కోసం ప్రభుత్వం నడిపే పథకం) పేరు నమోదు చేయించడమంటే వెంటనే ఆపరేషన్ అని కాదు. ఆగమన్నారని నమోదు మానేయకండి, ఎప్పుడు చేయించాలో డాక్టర్‌నే అడగండి.