వీలునామా గురించి అమ్మాయికి

చి. సౌ. అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

వీలునామా మాట ఎత్తితే అల్లుడు "ఇప్పుడే ఎందుకు, అపశకునం" అన్నాడని రాశావు. చాలామంది అంతే. లాయరు దగ్గర పనిచేసినన్నాళ్లూ నేను చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం దురాశవల్ల వచ్చినవి కావమ్మా. పోయినవాళ్ల మనసులో ఏముందో తెలియక, ఎవరికి వాళ్లు ఊహించుకోవడంతో వచ్చినవి.

రాయకపోతే ఆస్తిని చట్టమే పంచుతుంది. చుట్టరికం చూసి పంచుతుంది. మంచాన పడ్డ తల్లికి సేవచేసిన కూతురికీ, పలకరించని కొడుక్కీ తేడా చూడదు. దత్తత కాగితాలు లేకుండా పెంచుకున్న పిల్లకు మామూలుగా ఏమీ రాదు.

అలాగని ఏదో ఒకటి రాసి పడేస్తే కుదరదు. అమెరికన్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ 2018లో పోయినప్పుడు వీలునామా లేదనే అనుకున్నారు. మరుసటేడు చేతిరాత కాగితాలు దొరికాయి. 2010 నాటివి తాళం వేసిన బీరువాలో, 2014 నాటివి సోఫా కుషన్ల కింద నోటుపుస్తకంలో! ఏది చెల్లుతుందని సొంత కొడుకులే కోర్టుకెక్కారు. సోఫాలో దొరికినదే చెల్లుతుందని జ్యూరీ తేల్చేసరికి 2023 వచ్చింది.

కాబట్టి మొదటి వాక్యంలోనే "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అని రాయి. తేదీ వెయ్యి, ప్రతి పేజీలో సంతకం చెయ్యి. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తే చాలాచోట్ల సరిపోతుంది. ఆస్తిలో వాటా వచ్చేవాళ్లనూ, వాళ్ల భార్యాభర్తలనూ మాత్రం సాక్షులుగా పెట్టకు. ఒరిజినల్ ఎక్కడుందో ఎగ్జిక్యూటర్‌కి, అంటే నీ తర్వాత వీలునామాను అమలు చేసే మనిషికి, తెలియాలి. నీ ఒక్కదాని పేర ఉన్న లాకర్లో పెట్టావనుకో, అది తెరవడానికే మళ్లీ కాగితాలు కావాలి. ఎగ్జిక్యూటర్ అంటే ఇంటికి పెద్దవాడే కానక్కర్లేదు. లెక్క రాసే అలవాటున్నవాళ్లయితే మేలు.

అందరూ మర్చిపోయేది ఒకటుంది. "ఇందులో రాయనివీ, ఇకమీదట నాకు వచ్చేవీ ఫలానావారికి" అనే వాక్యం. అది లేకపోతే రేపు కొన్న స్థలం వీలునామాకు బయటే ఉండిపోవచ్చు. ఎవరికైనా తక్కువ ఇస్తుంటే, తెలిసే ఇస్తున్నానని వాళ్ల పేరుతో సహా రాయి. లేకపోతే "అమ్మ మర్చిపోయింది" అంటారు. పాస్‌వర్డులు అందులో రాయకు, తర్వాత దాన్ని పదిమందీ చదువుతారు.

పిల్లలు చిన్నవాళ్లు కనుక, మీరిద్దరూ లేకపోతే ఎవరు పెంచాలో కూడా రాయండి. ఆఖరి మాట కోర్టుదే అయినా మీ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. రాసేముందు ఆ పెంచాల్సినవాళ్లను ఒక మాట అడగండి. ఆస్తుల సంగతికన్నా నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది.

బ్యాంకులో నామినీ పెట్టాం కదా అంటాడేమో అల్లుడు. డబ్బు నామినీ చేతికి రావడం వేరు, అది వాళ్ల సొంతం కావడం వేరు. ఒక్కో ఖాతాకు ఒక్కో రూలు, అడిగి తెలుసుకోండి.

ఇద్దరూ విడివిడిగా రాయండి. చిత్తుప్రతి పంపితే నేను చూస్తాను, సంతకాలు మాత్రం అక్కడి లాయరుకు చూపించాకే.

మీ బాబాయి