అవలాంచ్ హెచ్చరికలో 3 అంటే ‘సగం ప్రమాదం’ కాదు

ఫిబ్రవరిలో అమలాపురం నుంచి కశ్మీర్‌లోని గుల్మార్గ్ స్కీయింగ్‌కి వెళ్తున్నాం, అవలాంచ్ (కొండవాలు మీంచి మంచు తెగి జారిపడటం) హెచ్చరిక 5కి 3 ఉంటే సగమే కదా, కొండెక్కొచ్చా అని అడిగారు. అలా లెక్క వేయకండి. శిక్షణ లేనివాళ్లు నిటారు వాలుల జోలికే పోకూడని రోజది.

మన ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అక్కడ నీటిమట్టం కొలిచి చెబుతారు. అవలాంచ్ అంకె అలా కొలిచింది కాదు, ఒక ప్రాంతం మొత్తానికి వేసిన అంచనా. మంచు పొర ఎంత తేలిగ్గా తెగుతుంది, అలాంటి చోట్లు ఎన్నున్నాయి, తెగితే ఎంత మంచు దిగుతుంది అన్నవి కలిపి 1 నుంచి 5 దాకా అంకె ఇస్తారు. మీ ఎదురుగా ఉన్న వాలు ఆ అంచనా కంటే ప్రమాదకరంగా ఉండొచ్చు.

పైగా అంకె ఒకటి పెరిగితే ప్రమాదం రెట్లలో పెరుగుతుంది. 2లో పొర తెగాలంటే సాధారణంగా గుంపు బరువో, గట్టి అదురో కావాలి. 3లో ఒక్క స్కీయర్ బరువు చాలు. కొన్నిసార్లు వాలు అడుగున చదునులో నడుస్తున్నా పైనుంచి తెగి మీదికొస్తుంది. అంకె 4, 5 ఉన్న రోజుల్లో జనం ఎలాగూ ఆగిపోతారు. 3 ఉన్న రోజున ఎండ కాస్తుంది, కొత్త మంచు ఊరిస్తుంది. ఆల్ప్స్‌లో అవలాంచ్ మరణాల్లో పెద్ద భాగం 3 ఉన్న రోజుల్లోనే జరుగుతున్నాయి.

మన దేశంలో ఈ హెచ్చరికలు చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ (రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ల్యాబ్) ఇస్తుంది. జిల్లా పేరుతో పాటు ఎత్తు కూడా చదవండి. బారాముల్లా జిల్లాలో 2500 మీటర్ల పైన అని ఉంటే, సుమారు 2650 మీటర్ల ఎత్తులో ఉన్న గుల్మార్గ్ కూడా అందులోకే వస్తుంది. 2024 ఫిబ్రవరి 22న గుల్మార్గ్ పైనున్న ఖిలన్‌మార్గ్‌లో అవలాంచ్ పడి ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు. స్కీ ప్యాట్రోల్ (వాలుల భద్రత చూసే గస్తీ బృందం) తెరిచిన హద్దు దాటొద్దు.

పొరలుగా తెగే అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో పుడతాయి. స్కీ పోల్‌ని వాలు మీద పడుకోబెట్టి, దానిపై ఫోన్ పెట్టి కోణం చూడండి. 3 ఉన్న రోజు 30 లోపే ఉండండి. మీ కాళ్ల కింద 20 డిగ్రీలే ఉన్నా పైన నిటారు ముఖం ఉంటే ఆ 20కి అర్థం లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

అడుగు వేస్తే లోపల ‘వుంఫ్’మని కూలిన శబ్దం, స్కీల ముందు పరుగెత్తే పగుళ్లు, పక్క వాలులో తాజాగా జారిన మంచు, వీటిలో ఒక్కటి కనిపించినా అంకె ఎంతున్నా వెనక్కి తిరగండి. ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు కురిసినా, గాలి మంచుని తెచ్చి ఒక పక్క పోసినా, వేడి ఒక్కసారిగా పెరిగినా అంతే జాగ్రత్త.

ఒకవేళ అలాంటి వాలుని దాటక తప్పకపోతే ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు భద్రమైన చోట నిలబడి చూడాలి. పూడిపోయినవాళ్లు బతికే అవకాశం మొదటి 10, 15 నిమిషాల తర్వాత వేగంగా పడిపోతుంది. కిందినుంచి సాయం వచ్చేసరికి ఆ సమయం దాటిపోతుంది. అందుకే ట్రాన్సీవర్ (పూడిపోయినవాళ్ల జాడ తెలిపే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, వాడటం ముందే సాధన చేసి ఉండాలి. ట్రాన్సీవర్‌ని సంచిలో కాకుండా ఒంటికి కట్టుకోండి. బయల్దేరే ముందు ఒకరు తన ట్రాన్సీవర్‌ని రిసీవ్‌లో పెట్టి నిలబడితే, మిగతావాళ్లు ఒక్కొక్కరే ముందునుంచి నడిచి సిగ్నల్ వస్తోందో లేదో చూపించాలి.