చదివేటోళ్లు వేలమంది, రాసేదానివి నువ్వొక్కదానివే

పాలమూరు

బిడ్డా,

నల్లగొండ కాలేజీల అందరి ఖాతాలు, పాస్‌వర్డ్‌లు, గ్రూపులు దాచే డైరెక్టరీ సర్వర్ నీ చేతికొచ్చిందని, జూన్ అడ్మిషన్లకు ముందే దాని వేగం పెంచాలని రాసినవు. ఎనిమిది వేల ఖాతాలు, సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ఎల్‌డాప్, అది డేటా దాచుకునే ఎండీబీ డేటాబేస్, మిర్యాలగూడ బ్రాంచిల ఒక రెప్లికా, అంటే అదే డేటా ఉండే నకలు సర్వర్. సామాను చిన్నదే. కాని ఆ వేగం ఎవరికి కావాలె? పహాణీ నకలు చూసేటోళ్లు రోజూ ఉంటరు, పట్టా మార్పిడి ఎప్పుడో ఒకసారి. డైరెక్టరీ సర్వర్‌ను కట్టిందే ఆ లెక్క మీద. చదివేటోనికి ఏ సుఖం ఇచ్చినా దాని ఖర్చు రాసేటప్పుడు పడతది. ఎండీబీల చదివేటోళ్లు ఎంతమందైనా ఒకరికొకరు అడ్డం రారు, రాసేటోళ్లకూ అడ్డం రారు. రాసేది మాత్రం ఒకసారికి ఒక్కరే. మిగిలినోళ్లు లైన్ల నిలబడాల్సిందే.

ముందుగాల ఇండెక్సులు, అంటే ఖాతాలన్నీ తిరగేయకుండ వెతికింది దొరికేటట్టు ముందే కట్టిపెట్టే సూచికలు. లాగ్‌ల ‘నాట్ ఇండెక్స్‌డ్’ అని కనపడంగనే దొరికిన ప్రతి అట్రిబ్యూట్‌కూ, అంటే పేరు, మెయిల్ అసుంటి ప్రతి వివరానికీ, ఇండెక్స్ పెట్టేటోళ్లున్నరు. అట్ల చెయ్యకు. వచ్చిన ప్రతి పనినీ రాసే లాగ్ లెవెల్ 256 పెట్టి ఒక పనిదినం మొత్తం నడవనియ్యి. ఏ ఫిల్టర్, అంటే వెతికే షరతు, ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి, రోజూ వచ్చేవాటికే పెట్టు. మీ అసుంటి కాలేజీకి ఆబ్జెక్ట్‌క్లాస్, యూఐడీ, మెయిల్, మెంబర్ వీటికి ఈక్వాలిటీ ఇండెక్స్, అంటే విలువ అచ్చం కలిస్తేనే దొరికేది, చాలు. రెప్లికా ఉంది కాబట్టి, మార్పులను గుర్తుపట్టడానికి అది వాడే ఎంట్రీసీఎస్‌ఎన్, ఎంట్రీయూయూఐడీ రెండింటికీ కూడా ఇండెక్స్ తప్పకుండ ఉండాలె.

పేరుల ఒక ముక్కతోటి వెతకనిచ్చే సబ్‌స్ట్రింగ్ ఇండెక్స్ దగ్గర జర ఆగి ఆలోచించు. వెంకటేశ్వర్లు అనే పేరు ఇంగ్లీషుల రాస్తే 14 అక్షరాలు. ఈక్వాలిటీకి ఒక్క కీ, అంటే ఇండెక్స్‌ల ఒక్క పద్దు, సరిపోతది. సబ్‌స్ట్రింగ్‌కు, సర్వర్‌ల మొదట ఉండే సెట్టింగులతోటి, మధ్యల నుంచి నాలుగేసి అక్షరాల ముక్కలు 11, ముందు నుంచి 3, వెనక నుంచి 3, మొత్తం 17 అయితయి. అదే పేరు తెలుగు లిపిల పెడితే ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, పేరు మొత్తం 39 బైట్లు. ముక్కలు 42కు పోతయి. అన్ని ముక్కలు చేసినా ఫలితం తక్కువే. ముక్కకు నాలుగు బైట్లంటే ఒక గుర్తు, పైన ఇంకొంచెం. ప్రతి తెలుగు గుర్తూ దాదాపు ఒకే తీరుగ మొదలైతది కాబట్టి ఆ ముక్కలు సగం ఊరికి సరిపోతయి. తెలుగు పేర్లు ఒక అట్రిబ్యూట్‌ల దాచుకో, దానికి సబ్‌స్ట్రింగ్ మాత్రం పెట్టకు.

ఇంకో ఇరకాటం ఉన్నది. మధ్యల వెతికే ముక్క నాలుగు అక్షరాలకు తక్కువైతే ఆ ఇండెక్స్ పనికిరాదు. ‘రెడ్డి’ని రెండు పక్కల నక్షత్రాలు, అంటే ఏ అక్షరాలైనా సరే అనే * గుర్తులు, పెట్టి వెతికితే ఇంగ్లీషుల ఐదక్షరాలు కాబట్టి నడుస్తది. ‘రావు’ను అట్లనే వెతికితే ఇంగ్లీషుల (Rao) మూడే అక్షరాలు, సర్వర్ ఎనిమిది వేల ఎంట్రీలూ, అంటే ఖాతా రికార్డులన్నీ, తిరగేస్తది. ఇండెక్స్ ఖర్చు ఖర్చే, లాభం సున్నా. ఫోన్ డైరెక్టరీ పేజీ రాసిన పిల్లగానికి చెప్పి నక్షత్రం వెనకవైపు ఒక్కటే పెట్టించు. అప్పుడు రెండక్షరాల నుంచే ఇండెక్స్ దొరుకుతది.

సర్వర్ లోపలే సెట్టింగులు దాచుకునే కాన్ఫిగ్ ట్రీ ద్వారా ఇండెక్స్ కలిపితే సర్వర్ వెనకాల తనే కట్టుకుంటది. పాత స్లాప్‌డీ కాన్ఫ్ ఫైల్ వాడుతుంటే సర్వర్ ఆపి, ఇండెక్సులు కట్టే స్లాప్‌ఇండెక్స్ కమాండ్ నడపాలె. లైన్ రాసి అది మరిచిపోతే తప్పని ఎక్కడా చెప్పదు. వెతికితే మనుషులు దొరకరు, అంతే.

అన్నిటికన్నా ఎక్కువమంది బోల్తా పడేది లాగిన్ దగ్గర. లాగిన్ అంటే చదువుడే కదా అనుకుంటరు. చివరిసారి లాగినైన టైం రాసిపెట్టే లాస్ట్‌బైండ్ సెట్టింగ్ ఆన్ చేస్తే ప్రతి లాగిన్ ఒక రాత. పొద్దుగాల తొమ్మిదిన్నరకు ల్యాబుల్ల 600 మంది ఒక్కసారి లాగినైతరనుకో. తిరిగే హార్డ్ డిస్క్ మీద ఒక్కో రాతను డిస్కుకు దింపడానికి సుమారు 10 మిల్లీసెకన్లు. 600 రాతలంటే ఆరు సెకన్ల లైను, అన్నీ ఒక్కదాని వెనక ఒకటి. ఎవరు ఎప్పుడు లాగినయ్యిండ్రో ఆడిట్‌కు నిజంగ కావాలంటే ఆన్ చెయ్యి. లేకుంటే లాగ్‌ల నుంచే తీసుకో. మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ కూడా ఈ బాధకే లాస్ట్‌లాగన్‌టైమ్‌స్టాంప్‌ను ప్రతి లాగిన్‌కు మార్చదు. ఉన్న విలువ 9 నుంచి 14 రోజుల పాతదైతేనే కొత్తది రాస్తది.

ఓవర్‌లే అంటే సర్వర్‌కు తగిలించే అదనపు భాగం. పాస్‌వర్డ్ పాలసీ ఓవర్‌లే ఉంటే తప్పు పాస్‌వర్డ్ కూడా రాతే. వైఫై లాగిన్ ఇదే డైరెక్టరీల పాస్‌వర్డ్ చూసుకుంటుంటే, పిల్లలు పాస్‌వర్డ్ మార్చినంక జేబుల ఫోన్ పాతదే పంపుకుంట కూసుంటది, ప్రతిసారీ ఒక రాత. రెప్లికా మీద జరిగే ఈ రాతలను అసలు సర్వర్‌కు పంపే సెట్టింగ్ ఒకటుంటది. నెట్ లైను సన్నదైతే దాన్ని ఆన్ చెయ్యకు.

ఇగ గ్రూపులు. విద్యార్థులందరి గ్రూపుల ఎనిమిది వేల మెంబర్లు, ఒక్కో డీఎన్, అంటే ట్రీల ఎంట్రీ పూర్తి పేరు, 60 బైట్లంటే ఎంట్రీ ఒక్కటే 480 కిలోబైట్లు. ఒక్కణ్ణి కలిపినా ఆ ఎంట్రీ మొత్తం తిరిగి రాయాలె. 300 మందిని 300 మాడిఫైలతోటి, అంటే విడివిడి మార్పు కమాండ్లతోటి, కలిపితే 144 మెగాబైట్ల రాత. అదే 300 విలువలు ఒకే మాడిఫైల పెడితే ఒక్కసారితో అయిపోతది. ‘రీప్లేస్’ వాడకు, ‘యాడ్’, ‘డిలీట్’ వాడు. మెంబర్‌కు, విలువలను వరుసల ఉంచే సార్ట్‌వాల్స్ పెట్టు. ఓపెన్ఎల్‌డాప్ 2.5 వర్షన్ గాని ఆపైది గాని ఉంటే ఎండీబీల మల్టీవాల్ సెట్టింగ్ కూడా పెట్టు, పెద్ద జాబితాను ఎంట్రీ నుంచి వేరు చేసి దాచుతది. రెప్లికాకు, మార్పును మాత్రమే పంపే డెల్టా సింక్‌రెప్ల్ వాడు. మామూలు సింక్‌రెప్ల్‌ల ఒక్క పేరు కలిపినా ఆ 480 కిలోబైట్లూ మిర్యాలగూడకు పోతయి.

మనిషి ఏ గ్రూపులల్ల ఉన్నడో చెప్పే మెంబర్ఆఫ్ అట్రిబ్యూట్ దగ్గర నువ్వే తీర్పు చెప్పాలె. మెంబర్ఆఫ్ ఓవర్‌లే గ్రూపు మారినప్పుడల్లా మనిషి ఎంట్రీల కూడా రాస్తది, చదివేటప్పుడు సిద్ధంగ ఉంటది. 2.5 నుంచి డైన్‌లిస్ట్ ఓవర్‌లే ఆ లెక్కను చదివేటప్పుడే కట్టి ఇస్తది, రాత ఉండదు. మీ దగ్గర గ్రూపులు ఏడాదికి రెండుసార్లు మారుతయి కాబట్టి మొదటిదే బాగుండాలె అనిపిస్తది. కాని రెప్లికేషన్ తోటి ఆ ఓవర్‌లేకు పొసగదు. నన్నడిగితే డైన్‌లిస్ట్ పెట్టు, మెంబర్ఆఫ్ అడిగే అప్లికేషన్లను వేళ్లమీద లెక్కపెట్టేటన్ని ఉంచు.

ఎంట్రీల ట్రీని కొమ్మలు తక్కువ పెట్టి వెడల్పుగ ఉంచు. డిపార్ట్‌మెంట్ పేరు డీఎన్‌ల పెట్టకు, అట్రిబ్యూట్‌ల పెట్టు. డీఎన్‌ల ఉంటే లెక్చరర్ డిపార్ట్‌మెంట్ మారిన రోజు డీఎన్ మారుతది, ఆయన ఉన్న ప్రతి గ్రూపుల పాత పేరు మిగులుతది. రెఫింట్ ఓవర్‌లే వాటిని సరిదిద్దుతది గాని మెంబర్‌కు ఇండెక్స్ లేకుంటే ప్రతి డిలీట్‌కూ ట్రీ అంతా వెతుకుతది.

కాన్ఫిగ్ ట్రీల మార్పులు పగటిపూట చెయ్యకు. ఆ మార్పు పడాలంటే సర్వర్ నడుస్తున్న పనులన్నీ అయ్యేదాకా ఆగి, కొత్తవాటిని ఆపి పెడతది. ఎవరో పెద్ద సెర్చ్ పెట్టుకొని కూసున్నరనుకో, నీ ఒక్క లైను మార్పుకు కాలేజీ అంతా ఆగుతది. 2.5 నుంచి లాగ్‌ల క్యూటైమ్ (లైన్ల ఆగిన టైం), ఈటైమ్ (మొత్తం పట్టిన టైం) రెండూ ఉంటయి. క్యూటైమ్ పెరిగితే పని లైన్ల ఆగిందని అర్థం. క్యూటైమ్ తక్కువుండి ఈటైమ్ ఒక్కటే పెరిగితే ఆ ఫిల్టర్‌ను చూడు.

అడ్మిషన్ల లోడు, అంటే కొత్త ఖాతాలు ఎక్కించుడు, సర్వర్ నడుస్తుండగ ఎల్‌డాప్‌యాడ్ కమాండ్ తోటి, 200 చొప్పున, మధ్యల విరామం ఇచ్చుకుంట రాత్రి చెయ్యి. డేటాబేస్ ఫైల్ల నేరుగ రాసే స్లాప్‌యాడ్ కమాండ్ తొందర పద్ధతి ఖాళీ డేటాబేస్‌ను మొదటినుంచి కట్టేటప్పుడే, అదీ సర్వర్ ఆపినంకనే. దాన్ని రూట్ అనే అడ్మిన్ ఖాతా తోటి నడిపితే ఫైళ్లు రూట్ పేరున పడి సర్వర్ లేవదు, యజమాని పేరు మార్చినంకనే స్టార్ట్ చెయ్యి. లోడుకు ముందు, డేటాబేస్ ఎంతదాక పెరగొచ్చో చెప్పే మ్యాక్స్‌సైజ్ చూడు. ఏమీ పెట్టకుంటే 10 మెగాబైట్లే ఉంటది, డెబియన్ లినక్స్ ప్యాకేజీ అయితే 1 గిగాబైట్ పెడతది. నిండితే మ్యాప్ ఫుల్ అని రాతలన్నీ ఆగుతయి, చదువుడు నడుస్తనే ఉంటది కాబట్టి చాలాసేపు ఎవరికీ తెల్వదు. లోడు నడిచేటప్పుడు స్లాప్‌క్యాట్ బ్యాకప్‌ను పెన్‌డ్రైవ్ మీదికి నేరుగ తీయకు. అది చదివినంతసేపు పాత పేజీలు ఖాళీ కావు, ఫైలు పెరుగుకుంట పోతది.

మార్చినంక కూడా ల్యాబ్ లినక్స్ మిషన్లల్ల పాత గ్రూపే కనపడ్డదని ఫోన్లొస్తయి. డైరెక్టరీ జవాబులను ఆ మిషన్లల్లనే దాచుకునే ఎస్‌ఎస్‌ఎస్‌డీ క్యాష్ 5400 సెకన్లు, గంటన్నర, పాతదాన్నే చూపుతది. సర్వర్‌ను ముట్టకు, ఆ మిషన్‌ల క్యాష్ చెరిపి చూడమను.

మీ పెద్దనాయన