లోక్‌సభ సీట్లు జనాభా లెక్కన మళ్లీ పంచితే కర్నూలు, అనంతపురం వాళ్లకు ఏమవుతుంది?

ఇప్పటికైతే ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది 1971 జనాభా లెక్కల మీదే నడుస్తోంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఆ సంఖ్య మారకుండా ఆపేశారు. తర్వాత 84వ సవరణ ఆ గడువును 2026 దాటి జరిగే తొలి జనగణన దాకా పొడిగించింది. 2008లో నియోజకవర్గాల హద్దులు మారాయి గానీ, రాష్ట్రాల సీట్ల సంఖ్య మారలేదు.

దాని ఫలితం చూడండి. 2011 లెక్కల్లో బీహార్‌లో ఒక్కో ఎంపీకి సుమారు 26 లక్షల మంది. కేరళలో 17 లక్షల లోపే. మన పాత కర్నూలు జిల్లాలో 40 లక్షల మందికి కర్నూలు, నంద్యాల అని రెండు సీట్లు. అనంతపురం, హిందూపురం కలిపినా దాదాపు అంతే. అంటే మన ఓటు బరువు బీహారీ ఓటు కన్నా ఎక్కువ, కేరళ ఓటు కన్నా తక్కువ.

ఉన్న 543 సీట్లనే 2011 జనాభా ప్రకారం పంచితే ఆంధ్రప్రదేశ్‌కు 25 పోయి 22 దగ్గర ఆగుతాయి. కుటుంబ నియంత్రణ పాటించినందుకు ఇదా బహుమతి అని దక్షిణాది అడగడంలో న్యాయముంది. సభను పెద్దది చేస్తే ఎవరి సీటూ పోదంటారు గానీ, ఓటింగులో లెక్కకొచ్చేది వాటా. అది ఎలాగూ తగ్గుతుంది. అందుకే రాజ్యసభలోనూ సీట్లు జనాభాను బట్టే ఉండటం నాకు పెద్ద లోపంగా కనిపిస్తుంది. అమెరికా సెనేట్‌లో చిన్నా పెద్దా రాష్ట్రాలన్నిటికీ రెండేసి సీట్లు.

మహిళలకు మూడో వంతు సీట్లిచ్చే 2023 నాటి 106వ సవరణను కూడా ఈ పునర్విభజనకే ముడిపెట్టారు. అలా కట్టాల్సిన అవసరమే లేదు.