కొత్త ఇంటి గ్రిల్స్ చూశాక నీకు రాస్తున్నది

బిడ్డా,

నీ కొత్త ఇంటి వీడియో నాలుగు సార్లు చూశాను. మీ పెద్దమ్మ అయితే టైల్స్ దగ్గర ఆపి, వంటింటి అరల దగ్గర ఆపి, పక్కింటి వాళ్లను కూడా పిలిచి చూపించింది. మన ఇంట్లో తన పేరు మీద ఇల్లు రిజిస్ట్రేషన్ చేయించుకున్న మొదటి ఆడపిల్లవి నువ్వు, అదీ పాలమూరు టౌన్‌లో, అదీ సొంత జీతం మీద లోన్ తీసుకుని. మీ నాయన ఉంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు. ఆయన లేడు కాబట్టి ఆ పని నేను చేస్తున్నాను, చాయ్ హోటల్ దగ్గర నన్ను చూస్తే జనం పక్కకు జరుగుతున్నారు.

కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెబితే నవ్వుతావు. ఆ వీడియోలో నాకు ఇల్లు కనపడలేదు, గ్రిల్స్ కనపడ్డాయి. ప్రతి కిటికీకి గ్రిల్, వాకిట్లో కొలాప్సిబుల్ గేటు, దానికి అరచేయంత తాళం, వెనక తలుపుకు ఇంకో ఇనుప తలుపు. ఫోన్లో చెబుదామంటే నువ్వు "సరే పెదనాయనా, సరే" అంటూనే డ్యూటీకి పోతావు. అందుకే మీ తమ్ముడిని కూర్చోబెట్టి టైప్ చేయిస్తున్నాను. వాడు నా మాటలు దిద్దుతున్నాడు, వద్దంటే వినడు.

అందరూ చెప్పేవి ముందు గబగబా చెప్పేస్తాను. టార్చిలైటు, పవర్ బ్యాంకు, అటుకులు, బెల్లం, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఒక జత బట్టలు ఒక సంచిలో వేసి తలుపు పక్కనే పెట్టు. ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకు 108, మంటలకు 101, కరెంటుకు 1912, గ్యాస్ లీకుకు 1906, ఇవన్నీ ఫోన్లో ఉంటే చాలదు, వంటింటి తలుపు వెనక మార్కర్‌తో గోడ మీద రాయి, కొత్త పెయింట్ అని చూసుకోకు. ఇంటి కాగితాలు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీలు చేసి పై అరలో పెట్టు, డిజీలాకర్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. నా పాసుబుక్కు బురదలో నాని ముద్దయితే దాని నకలు కోసం ఒక ఆఫీసు చుట్టూ ఎన్ని చెప్పులు అరిగాయో మీ పెద్దమ్మను అడుగు.

కరెంటు సంగతి కొంచెం నిదానంగా విను. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తానే సరఫరా ఆపేసే స్విచ్, పెట్టించావా లేదా ఎలక్ట్రీషియన్‌ను అడుగు. పెట్టించి ఉంటే నెలకోసారి దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కాలి, నొక్కితే టప్పున పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే. ఎండాకాలం ఎర్తింగ్ గుంతలో బిందెడు నీళ్లు పోయించు. కూలర్‌లో నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి, ఈ మాట మీ అత్తమ్మకు పదిసార్లు చెప్పు. బట్టల దండేనికి ఇనుప తీగ కట్టొద్దు. నైలాన్ తాడు మంచిదంటారు, మంచిదే కావచ్చు, కానీ అది నువ్వే కొనుక్కో, నన్ను తెమ్మనకు. ఎందుకో కింద చెబుతాను.

గ్యాస్ వాసన వస్తే లైటు వేయొద్దు, వెలుగుతున్న లైటు ఆర్పనూ వద్దు, ఫ్యాను జోలికే పోవద్దు. రెగ్యులేటర్ తిప్పి తలుపులన్నీ బార్లా తెరవండి. ఆ గ్యాస్ గాలికంటే బరువు, పైకి పోదు, నీళ్ల లాగా నేల మీద పరుచుకుంటుంది, అందుకే కిటికీ కంటే తలుపు ముఖ్యం. తెరుచుకునే తలుపు. మళ్లీ అక్కడికే వచ్చాను చూడు.

పోయిన నెల మీరిప్పుడు ఉంటున్న ఇంటికి వచ్చినప్పుడు మీ అత్తమ్మ మాటల మధ్యలో ఒక మాట అంది, ఎంతో మురిపెంగా అంది. "మా కోడలికి ఎంత జాగ్రత్తో అన్నయ్యా, నైట్ డ్యూటీ ఉన్న రోజు మమ్మల్ని లోపల పెట్టి బయట నుంచి తాళం వేసి పోతుంది, దొంగల భయం లేదు" అని. నా చేతిలో ఉన్న చాయ్ అక్కడే చల్లారిపోయింది. అప్పుడే అడగాల్సింది, అడగలేకపోయాను. అల్లుడు హైదరాబాద్ నుంచి ఆదివారం వస్తాడు. నువ్వు వారానికి రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంటావు. ఆ రెండు రాత్రులు మోకాళ్లు పట్టేసిన ముసలామె, నాలుగేళ్ల పిల్ల లోపల, తాళంచెవి నీ బ్యాగులో, నువ్వు నాలుగు కిలోమీటర్ల దూరంలో. నీకు బుద్ధి ఉందా బిడ్డా? కోపం తెచ్చుకోకు. ఈ మాట నిన్ను అనే ముందు నన్ను నేను అనుకున్నాను, చాలా ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను.

2009లో తుంగభద్ర వరద నువ్వు చూడలేదు. అప్పుడు నువ్వు ఐదో తరగతి, దసరా సెలవులకు మీ అమ్మతో అమ్మమ్మ ఊరికి పోయావు. దసరా అయిన మూడో నాటికే వానలు పట్టుకున్నాయి, అక్టోబర్ 1 రాత్రికి నది గొంతు మారిపోయింది. తెల్లారితే గాంధీ జయంతి. రాజోలి మునిగింది, అలంపూర్ మునిగింది, అవతల కర్నూలు టౌన్ సగం నీళ్లలో నిలబడింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చిందని తర్వాత పేపర్లో చదివాం. మాకు ఆ లెక్కలేవీ తెలియవు, పంచాయతీ మైకులో "గట్టు మీదికి పోండి" అన్న మాట ఒక్కటే తెలుసు. మీ పెద్దమ్మను, అవ్వను, పిల్లలను పక్కింటి ట్రాక్టర్ ఎక్కించాను. ఎక్కించి నేను కొట్టంలోకి పరుగెత్తాను.

మూడు బర్రెలు, ఒక దూడ. వాటిలో బొల్లి నీకు గుర్తుండే ఉంటుంది, ముఖం మీద తెల్ల మచ్చ, నువ్వు బెల్లం ముక్క పెడితే నీ గౌను కొన కూడా నమిలేది. నేను పోయేసరికి నాలుగూ తలుగులు లాగుతున్నాయి. వాటికి తెలిసిపోయింది. నాకేమనిపించిందో చెప్పనా? ఇవి ఇట్లా లాగి తెంపుకుంటాయి, ఈ చీకట్లో, ఈ వానలో ఎటు పోతాయో ఏమో అనిపించింది. అంతకు ముందు ఏడాదే బొల్లి కట్టు తెంపుకుని ఒకాయన జొన్న చేలో పడితే పంచాయితీ అయింది, నేను డబ్బు కట్టాను. ఆ కోపం నాకింకా పోలేదు. నీళ్లు వస్తే మోకాళ్ల దాకా వస్తాయి, తెల్లారేసరికి నేను వస్తాను కదా అనుకున్నాను. ఐజ సంతలో కొత్తగా కొన్న నైలాన్ తాడు ఉంది, నీలం రంగుది. పాత జనుప తాళ్లు ఈనెలు తేలి ఉన్నాయని వాటిని తీసేసి, ఆ నీలం తాడుతో నాలుగింటినీ గుంజలకు కట్టాను. కట్టి, అది చాలదన్నట్టు రెండో ముడి వేసి బిగించాను. లాగి చూశాను కూడా. గట్టిగా ఉందని తృప్తి పడి ట్రాక్టర్ ఎక్కాను.

మా ఎదురింటి ముసలమ్మకు ఒకటే బర్రె. ఆమెకు కట్టే ఓపిక లేదు, తోలుకుపోయే ఓపికా లేదు. మెడలో తలుగు తీసి, వీపు మీద ఒక దెబ్బ వేసి "పో తల్లీ" అని వచ్చేసింది. నేను ట్రాక్టర్ మీద నుంచి చూసి, పాపం, పిచ్చిది, బర్రెను పోగొట్టుకుంటుంది అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత నీళ్లు తీశాయి. ఆమె బర్రె ఊరి అవతల దిబ్బ మీద ముళ్లకంప నములుతూ నిలబడి ఉంది.

మావి ఎక్కడివి అక్కడే ఉన్నాయి. దాని గురించి ఎక్కువ చెప్పను. తాడు మాత్రం చెబుతాను. నీళ్లలో నాని ఆ ముడి రాయిలా అయిపోయింది, వేళ్లతో కాలేదు, పళ్లతో కాలేదు, కొడవలి తెచ్చి కోయాల్సి వచ్చింది. ఎక్కడా ఒక్క పోగు తెగలేదు. పాత జనుప తాడు అయితే అవే తెంపుకునేవి. ఇన్ని ఏళ్లుగా నాకు మిగిలిన మాట అదొక్కటే, పాత తాడు అయితే తెగేది.

నువ్వు దీపావళికి తిరిగి వచ్చి "పెదనాయనా, బొల్లి ఏది?" అని అడిగావు. సంతలో అమ్మేశాను, మంచి వాళ్లకే ఇచ్చాను అని చెప్పాను. నువ్వు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇన్నేళ్లూ అదే నిజమనుకున్నావు, ఇప్పుడు చెబుతున్నాను. మీ తమ్ముడు టైప్ చేయడం ఆపేశాడు, వాడికీ ఇది తెలియదు.

కాబట్టి బయట నుంచి తాళం అనే మాట ఇక ఉండకూడదు. ముందు తలుపుకు లోపల నుంచి తాళంచెవి లేకుండా తిప్పితే తెరుచుకునే లాక్ దొరుకుతుంది, బయటి నుంచి మాత్రం తాళంచెవి కావాలి, దొంగకు అది చాలు. కొలాప్సిబుల్ గేటు తాళం లోపలి వైపే వేసుకోవాలి. దాని చెవికి గోడకు ఒక మేకు కొట్టించు, బయటి నుంచి చెయ్యి పెడితే అందకూడదు, లోపల మీ అత్తమ్మ చీకట్లో తడుముకున్నా అందాలి. ఆ చెవి ఆ మేకును వదిలి ఎక్కడికీ పోకూడదు. ప్రతి పడకగదిలో ఒక కిటికీ గ్రిల్‌ను కోయించి, మడతబందులు పెట్టించి తలుపులాగా తెరుచుకునేట్టు చేయించు, మనిషి పట్టేంత. వెల్డింగ్ అతను "ఎందుకు మేడం, అందం పోతుంది" అంటాడు. నాతో మాట్లాడమను. పోయిన సంవత్సరం, 2025 మే 18న, హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది పోయారు, పిల్లలతో సహా. రావడానికి, పోవడానికి ఒకటే ఇరుకు దారి, దాని నిండా పొగ. ఆ వార్త వచ్చిన రోజు మీ పెద్దమ్మ టీవీ కట్టేసింది, నన్ను చూసి.

వీడియోలో మెట్ల కింద నీ ఎలక్ట్రిక్ స్కూటర్ చార్జింగ్‌లో ఉంది. అక్కడొద్దు. అది అంటుకుంటే మీరు దిగాల్సింది దాని పక్క నుంచే. వాకిట్లో షెడ్డు కింద ప్లగ్గు పెట్టించు, రాత్రంతా వదిలేయకు.

ఇంట్లో తాళం వేయాల్సింది ఒకటే ఉంది, సంపు మూత. దానికి మాత్రం ఎంత పెద్ద తాళమైనా వెయ్యి, రోజూ చూడు. ట్యాంకర్ వాడు నీళ్లు వదిలి మూత అట్లాగే పెట్టి పోతాడు, చిన్నదానికి నీళ్లంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు.

మీది వెంచర్ కదా, చుట్టూ చేలు, మృగశిర దాటితే పాములు వస్తాయి. పాము కాటు గురించి నర్సువు నీకు నేనేం చెబుతాను. నువ్వే నాకు చెప్పావు, గట్టిగా తాడు కట్టొద్దు, కోయొద్దు, పసరు వద్దు, కాలు కదలకుండా పెట్టి 108కి చెయ్యి అని. ఆ రోజు నువ్వు "కట్టొద్దు పెదనాయనా, కడితే కాలే పోతుంది" అంటుంటే నేను లేచి బయటికి పోయాను. నీ మాట నచ్చలేదనుకున్నావు. అది కాదు.

మీ అత్తమ్మ ఇన్సులిన్, బీపీ గోళీలు పదిహేను రోజులకు సరిపడా ఎప్పుడూ ఎక్కువే ఉంచు. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగితే ఇన్సులిన్ సీసాలను నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టి మట్టికుండలో పెడితే ఆగుతాయట. వాన గట్టిగా పడుతున్నప్పుడు రైల్వే బ్రిడ్జి కింద నుంచి స్కూటర్ పోనివ్వకు, డ్యూటీకి లేటైనా సరే. 2022 జూలైలో మన పాలమూరు దగ్గరే బ్రిడ్జి కింద నీళ్లలో బడి బస్సు ఆగిపోతే ఊరివాళ్లు దిగి పిల్లలను ఎత్తుకొచ్చారు. ఇంట్లోకి నీళ్లు వచ్చేట్టుంటే స్విచ్ బోర్డులు తడవక ముందే మెయిన్ ఆపి బయటికి నడవండి. ఫ్రిజ్ పోతే పోనీ, బీరువా పోతే పోనీ. మళ్లీ తెల్లారి వద్దాంలే అని దేన్నీ భద్రం చేస్తూ కూర్చోవద్దు.

గృహప్రవేశానికి నేను ఒక రోజు ముందే వస్తాను. ఆ రాత్రి మెయిన్ ఆపేసి, మీ అత్తమ్మను, చిన్నదాన్ని లోపల ఉంచి, నేను గేటు బయట నిలబడతాను. ఎంతసేపట్లో బయటికి వస్తారో మీ తమ్ముడు ఫోన్లో టైం చూస్తాడు. నిమిషం దాటితే మళ్లీ చేయిస్తాను, ముసలోడికి చాదస్తం అని మీ అత్తమ్మ అనుకున్నా సరే.

పొంగించే పాల కోసం ప్యాకెట్ కొనకు. ఇప్పుడు మనకున్న బర్రె కూడా మచ్చదే, దాని పాలు తెస్తాను. దాన్ని కట్టేది జనుప తాడుతోనే, ఒక్క చేత్తో లాగితే ఊడిపోయే ముడితో.

మీ పెదనాయన