కాన్సాస్ సిటీ స్ట్రీట్‌కార్‌లో టికెట్ లేదు కదా, మరి ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సాస్ సిటీలో స్ట్రీట్‌కార్ (రోడ్డు మీది పట్టాలపై నడిచే ట్రామ్) ఖర్చును చాలావరకు ఆ లైను చుట్టుపక్కల ప్రాంతమే భరిస్తుంది. పట్టాలు పడితే స్థలాల విలువ, షాపుల బేరాలు పెరిగేది అక్కడే కాబట్టి, అక్కడి ఓటర్ల ఆమోదంతో ఆ ప్రాంతాన్ని ప్రత్యేక రవాణా జిల్లాగా, అంటే ఈ పన్నులు పడే హద్దుగా, చేశారు. ఆ హద్దుల్లో అదనంగా 1 శాతం దాకా అమ్మకం పన్ను, ఆస్తులపై ప్రత్యేక వసూలు ఉంటాయి.

ఉదాహరణకు, డౌన్‌టౌన్‌లో (నగరం నడిబొడ్డున) 20 డాలర్ల భోజనం చేస్తే సుమారు 20 సెంట్లు స్ట్రీట్‌కార్‌కు వెళ్తాయి. మీరు అది ఎక్కినా ఎక్కకపోయినా అంతే.

ఊరంతా పన్ను కడుతోందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు, హద్దు బయట కొన్నవాటికి ఈ పన్ను పడదు. నిర్మాణానికి మాత్రం ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) గ్రాంట్లూ తోడయ్యాయి. డౌన్‌టౌన్‌ను మార్చింది స్ట్రీట్‌కార్ ఒక్కటే అనడం కూడా సరికాదు. మొదటి లైను 2016 మేలో వచ్చింది, కానీ అక్కడి పెద్ద ఇండోర్ అరీనా (ఆటలు, కచేరీలు జరిగే భవనం) అంతకు ముందే, 2007లోనే తెరుచుకుంది. 2025 అక్టోబర్‌లో లైను దక్షిణాన యూనివర్సిటీ దాకా సాగింది. ఇప్పటికీ ప్రయాణం ఉచితమే.