మూర్తిమత్వ సిద్ధాంతాల్లో ఏది నిజం? బడిలో పనికొచ్చేది ఏది?

మూర్తిమత్వం, అంటే వ్యక్తిత్వం గురించి మీరు అడిగినవి రెండు. ఫ్రాయిడ్ నుంచి బండూరా దాకా టెట్ కోసం బిట్లు బట్టీ పడుతున్నా ఒకదానికొకటి పొంతన కుదరడం లేదు, ఇందులో ఏది నిజం అన్నది మొదటిది. రేపు ఉద్యోగం వచ్చాక ఇవి తరగతిలో అక్కరకొస్తాయా అన్నది రెండోది. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో చాలా ఏళ్లుగా బయాలజీ చెబుతున్నాను. సెలవుల్లో టెట్, డీఎస్సీ రాసేవాళ్లకి సైకాలజీ కూడా చెబుతుంటాను.

పొంతన కుదరకపోవడానికి కారణం ఉందండి. ఒక్కొక్కరు ఒక్కో రకం మనుషుల్ని దగ్గర నుంచి చూసి సిద్ధాంతం కట్టారు. పేరు చదవగానే ‘ఈయన ఎవర్ని చూసి ఈ మాట అన్నాడు?’ అని ప్రశ్న వేసుకోండి, సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది. ఫ్రాయిడ్ దగ్గరికి వచ్చింది వియన్నాలో మానసిక బాధలతో ఉన్న రోగులు. మనిషి లోపల ఎడతెగని పెనుగులాట ఉందని ఆయనకి తోచడంలో వింత లేదు. 1923లో చెప్పిన అచిత్తు (లోపలి కోరికలు), అహం (వాస్తవాన్ని చూసి నడిపేది), అధ్యహం (మంచిచెడ్డలు చెప్పేది) ఆ పెనుగులాటకి గీసిన పటమే. కార్ల్ రోజర్స్ చూసింది కౌన్సెలింగుకి వచ్చినవాళ్లని. తప్పుపట్టకుండా వినే మనిషి ఒకడుంటే ఎదుటివాడు తనంతట తాను కుదుటపడతాడని ఆయన గట్టిగా నమ్మాడు, అందుకే ఆయనకి ఆత్మభావన, అంటే తన గురించి తనకున్న అభిప్రాయం, అంత ముఖ్యం. బండూరా 1961లో చూసింది స్టాన్‌ఫర్డ్ నర్సరీ పిల్లల్ని. పెద్దవాళ్లు బొమ్మని బాదుతుంటే చూసిన పిల్లలు ఆ తర్వాత తామూ అలాగే బాదారు, అందుకే ఆయన సిద్ధాంతం చూసి నేర్చుకోవడం మీద నిలబడింది.

ఆల్‌పోర్ట్ దారి వేరు. 1936లో ఆడ్‌బర్ట్‌తో కలిసి ఇంగ్లిష్ నిఘంటువు ముందు పెట్టుకుని మనుషుల తీరుని చెప్పే మాటలు సుమారు 18,000 ఏరాడు. వాటిలో నిలకడైన గుణాల్ని చెప్పేవి 4,504. ఈ జాబితానే కాటెల్ గణాంకాలతో వడపోసి 16 లక్షణాంశాలకి, అంటే నిలకడగా ఉండే మూల గుణాలకి తెచ్చాడు. తర్వాత వచ్చినవాళ్లు అయిదు దగ్గర ఆగారు: కొత్తదనం మీద ఆసక్తి, పని పట్ల బాధ్యత, కలుపుగోలుతనం, సర్దుకుపోయే గుణం, తొందరగా కలతపడే స్వభావం. ఇవాళ పరిశోధనల్లో ఎక్కువగా వాడేది ఈ అయిదే.

షెల్డన్‌ని మాత్రం పరీక్ష వరకే ఉంచండి. లావుగా ఉంటే ఒక స్వభావం, బక్కగా ఉంటే ఇంకో స్వభావం అన్నాడు. శరీరానికీ స్వభావానికీ మార్కులు వేసింది ఆయనే కాబట్టి, రెండూ కలిశాయంటే నమ్మేదెలా? పిల్లల ఒళ్లు చూసి గుణం చెప్పే అలవాటు టీచరుకి అసలు ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక రెండో ప్రశ్న. బడిలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది వాల్టర్ మిషెల్ చెప్పింది. చాలా టెట్ మెటీరియల్స్‌లో ఈయన పేరే కనబడదు, అది నాకు బాధగా ఉంటుంది. గుణాల్ని కొలిచే పరీక్షని బట్టి ఒక సందర్భంలో మనిషి ఏం చేస్తాడో చెప్పబోతే సహసంబంధం (రెండూ ఎంతవరకు కలిసి నడుస్తాయో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) 0.30 దాటడం అరుదని ఆయన 1968లో తేల్చాడు. అంతకు చాలా ముందే, 1928లో, హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు వేలమంది బడిపిల్లల నిజాయితీని పరీక్షించారు. పరీక్షలో కాపీ కొట్టినవాడు ఇంకోచోట అబద్ధమాడతాడని గానీ, దొంగతనం చేస్తాడని గానీ నమ్మకంగా చెప్పలేకపోయారు.

మిషెల్, షోడా తర్వాత అమెరికాలో ఒక వేసవి శిబిరంలో పిల్లల్ని వారాల తరబడి గమనించారు. మొత్తం మీద ఒకే మోతాదులో దుడుకుగా ఉన్న ఇద్దర్ని తీసుకుంటే, ఒకడు తోటివాళ్లు ఏడిపించినప్పుడు రెచ్చిపోతాడు, ఇంకొకడు పెద్దవాళ్లు హెచ్చరించినప్పుడు. ఎప్పుడు రెచ్చిపోతాడన్న ఆ వరసే వాడి వ్యక్తిత్వమని వాళ్ల వాదన.

మా బడిలో ఎనిమిదో తరగతిలో ఇద్దరుండేవాళ్లు. స్టాఫ్ రూమ్‌లో ఇద్దరికీ ఒకటే పేరు, ‘దుడుకు’. నేను వారం పది రోజులు గొడవ జరిగిన ప్రతిసారీ ఎక్కడ, ఎవరు ఏమన్నాక అని రాసుకున్నాను. మొదటివాడి గొడవలన్నీ మధ్యాహ్న భోజనం లైన్లోనే. వాళ్లమ్మ అక్కడే వంట చేస్తుంది. ‘మీ అమ్మ నీకు గుడ్డు దాచిందిరా’ అని వెనక నుంచి ఎవడో ఒకడు అనేవాడు, వీడు పళ్లెంతోనే కొట్టేవాడు. మాస్టారు ఎంత తిట్టినా మాత్రం తలొంచుకుని నిలబడేవాడు. రెండోవాడికి పిల్లలతో పేచీయే లేదు. నలుగురి ముందు లేపి అడిగితే బెంచీని తన్ని బయటికి పోయేవాడు. వీడిని వరండాలోకి పిలిచి విడిగా మాట్లాడడం మొదలుపెట్టాక త్వరగానే దారికొచ్చాడు. మొదటివాడికి చెప్పడానికి ఏమీ లేదు, ఆ మాట అనేవాళ్లకే చెప్పాలి. దానికి చాలా రోజులు పట్టింది, పీఈటీ సార్ లైను దగ్గర నిలబడాల్సొచ్చింది. ఇద్దరికీ ఒకటే శిక్ష వేసి ఉంటే ఇద్దరికీ అన్యాయం జరిగేది.

అలాగని లక్షణాంశాలు ఒట్టివని కాదు. చాలా రోజుల ప్రవర్తన కలిపి సగటు తీస్తే గుణాలు నిలకడగానే కనబడతాయని ఎప్‌స్టీన్ 1979లో చూపించాడు. ఏడాది మొత్తానికి ఒక పిల్లవాడి తీరు తెలియాలంటే ఆ అయిదు గుణాలు సరిపోతాయి. ఇవాళ మూడో పీరియడ్లో ఏం చెయ్యాలో తెలియాలంటే మిషెల్ కావాలి. మీరు అడిగిన ‘ఏది నిజం’ అన్నదానికి నాకు తెలిసిన జవాబు ఇదే.

పరీక్షలో మాత్రం సిలబస్‌లో ఉన్న పేర్లే రాయండి. బీఈడీ ప్రాక్టికమ్‌లో కేస్ స్టడీ రాయాల్సి వచ్చినప్పుడు ‘మొండివాడు’, ‘సిగ్గరి’ లాంటి మాటలు పక్కన పెట్టి, పేజీని రెండు భాగాలు చేసి ఎడమవైపు అప్పుడు ఏం జరిగిందో, కుడివైపు పిల్లవాడు ఏం చేశాడో తేదీతో రాస్తూ పోండి. మంచిగా ఉన్న రోజులు కూడా రాయడం మరచిపోకండి. గొడవ జరగని రోజు ఏం తేడా ఉందో చూసినప్పుడే చాలాసార్లు అసలు సంగతి దొరుకుతుంది.